కొండ ఇంటి పుస్తకం

జూన్ 4

వాన. పొద్దున్నుంచీ ఆగలేదు. పెట్టె సర్దాను.

రేపు ఏడింటికి పింఛనుదార్ల సంఘం బస్సు చర్చి ముందు నుంచి బయల్దేరుతుంది. పన్నెండు రోజులు. ఓస్లో, స్వీడన్ పల్లెలు, స్టాక్‌హోమ్, వంతెన దాటి కోపెన్‌హేగన్, డెన్మార్క్ పైకొస దాకా వెళ్ళి ఓడలో వెనక్కి. మా ఆయన మాగ్నర్ పోయాక ఈ రెండేళ్ళలో నేను ఊరు దాటింది పళ్ళ డాక్టరు కోసమే. వెళ్ళిరా, వెళ్ళిరా అని అందరూ చెవిలో జోరీగల్లా పోరితే సరే అన్నాను. అంతకు మించి కారణం లేదు.

ఏ రోజు ఎక్కడ భోజనమో సంఘం కార్యదర్శి రాగ్నా ఇచ్చిన కాగితంలో అంతా ఉందట. నేను పూర్తిగా చదవలేదు.

కొండ ఇంటి పుస్తకం పెట్టె అడుగున పెట్టాను. అడుగున బరువు ఉంటే పెట్టె ఒరగదు.

జూన్ 5

ఓస్లో. పది గంటల ప్రయాణం. నడుము పోయింది.

రాగ్నా ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పింది, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? ప్రతివాళ్ళకీ ఒక నంబరు ఇచ్చింది. బస్సు ఆగి మళ్ళీ కదిలేముందు ఎవరి నంబరు వాళ్ళు అరవాలి. నాది పదిహేడు. గదిలో నాకు జత గున్వోర్. ఆవిడకి డెబ్బై ఎనిమిది, ఎడమ చెవి వినపడదు, నోరు మాత్రం ఇద్దరు మనుషుల పెట్టు.

"ఒసే ఓషిల్డ్, నేను గురక పెడతాను, ముందే చెప్తున్నా," అంది మంచం మీద కూర్చుంటూనే.

"మాగ్నర్ కూడా పెట్టేవాడు. అలవాటే."

"అయితే నీకు పండగే. ఇవాళ హాయిగా నిద్రపోతావు."

నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

జూన్ 6

ఎండ. అందరూ మ్యూజియానికి వెళ్ళారు. తలనొప్పి అని చెప్పి నేను ట్రామ్ ఎక్కాను.

మా చెల్లెలు ఇంగున్ నర్సు చదువు చదివినప్పుడు ఉన్న వీధి అది. మూడో అంతస్తు, ఎడమవైపు కిటికీ. అప్పట్లో నేను నెలకోసారి ఇంటి నుంచి మేకపాల జున్ను, వేయించిన అట్లు మోసుకొచ్చేదాన్ని. కింద నుంచి ఈల వేస్తే కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, తలుపు తోసుకుని వచ్చెయ్, నేను తల తడిపాను," అని అరిచేది. వీధంతా తిరిగి చూసేది. ఒకే మంచం మీద ఇద్దరం పడుకుని తెల్లారేదాకా మాట్లాడుకునేవాళ్ళం. ఏం మాట్లాడుకున్నామో ఒక్కటీ గుర్తు లేదు.

కిటికీకి ఇప్పుడు పచ్చ తెరలున్నాయి. ఎదురుగా బెంచీ మీద గంటసేపు కూర్చున్నాను. ఈల వేయలేదు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి వీధిలో ఈల వేస్తే పోలీసులొస్తారు.

తిరిగొచ్చేసరికి రాగ్నా ముఖం కందగడ్డ. "పదిహేడో నంబరు ఎక్కడికి పోయింది? తలనొప్పి ట్రామ్ ఎక్కుతుందా?"

జూన్ 7

వర్మ్‌లాండ్. స్వీడన్ పల్లె. చెరువు, బిర్చ్ చెట్లు, ఎర్ర చెక్క ఇళ్ళు. దోమలు.

ఓస్లో హోటల్లో టిఫిన్ దగ్గర మావాళ్ళు పరువు తీశారు. 'ఆహారం బయటికి తీసుకెళ్ళరాదు' అని అంత పెద్ద బోర్డు పెట్టారు. గున్వోర్ ఇంటి నుంచి వెన్న కాగితం చుట్ట తెచ్చుకుంది. బోర్డుకు వీపు ఆనించి నిలబడి ఎనిమిది రొట్టె ముక్కలు పొట్లం కట్టింది. బస్సులో చూస్తే అందరి ఒళ్ళోనూ పొట్లాలే, రాగ్నా ఒళ్ళోనూ.

సాయంత్రం నా పెట్టెలో సబ్బు కోసం వెతుకుతూ గున్వోర్ పుస్తకం బయటికి లాగింది.

"ఏంటే ఇది? బైబిలా?"

"మా కొండ ఇంటి పుస్తకం."

"కొండ ఇల్లు కొండ మీదుంది. దాని పుస్తకం స్వీడన్లో ఏం చేస్తోంది?"

"చదువుకుందామని."

"నీ రాత నువ్వే చదువుకోడానికి మూడు కిలోలు మోసుకొచ్చావా? ఎవరికి చూపిద్దామనో చెప్పు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "ఎవరికీ లేదు, డెన్మార్క్‌లో నాకెవరున్నారు?" అనేశాను. ఆవిడ డెన్మార్క్ ఊసే ఎత్తలేదు. వినపడని చెవి నావైపు ఉందనుకున్నాను. లేదు.

ఆ పుస్తకం అమ్మ మొదలుపెట్టింది, సెలవులకి వెళ్ళే ఆ కొండ ఇల్లు కట్టిన ఏడాదే. పొయ్యి పక్క మేకుకు వేలాడుతుంది, దారంతో పెన్సిలు కట్టి ఉంటుంది. ఎవరు వచ్చారు, వాతావరణం ఏమిటి, ఏం తిన్నాం, ఏం చేశాం. రాయకుండా ఎవరూ దిగి రాకూడదు. తాళం వేసే ముందు ఆఖరి పేజీ అందరూ చదవాలి. పుస్తకంలో లేనిది కొండ మీద జరగనట్టే, అనేది అమ్మ. ఆవిడ చేతులు వణకడం మొదలయ్యాక రాసే పని నాకొచ్చింది. ఇంట్లో పెద్దదాన్ని కదా.

ఇరవై మూడేళ్ళ కిందటి ఈస్టర్‌కి ఇంగున్ తనతో లిస్బెట్‌ని తీసుకొచ్చింది. డెన్మార్క్ మనిషి. వాళ్ళిద్దరూ కలిసి బతకబోతున్నారని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఐదు రోజులున్నారు. పేజీలో లిస్బెట్ పేరు రాయడం మరిచిపోయాను. అంతే జరిగింది. మరుపు ఎవరికైనా సహజం.

తాళం వేసే ముందు ఇంగున్ ఆ పేజీ చదివింది. మూసి మేకుకు తగిలించింది. మళ్ళీ కొండకి రాలేదు. మా ఇంటికీ రాలేదు.

జూన్ 8

స్టాక్‌హోమ్. గాలి.

జూన్ 9

స్టాక్‌హోమ్. ఉదయం పడవలో దీవులకు. పదిహేడు అని మూడుసార్లు అరిచాను.

పక్క బల్ల మీద ఎవరో నారింజ వలిచారు. ఆ వాసనకి తల తిప్పి చూశాను. మా దేశంలో నారింజ అంటే ఈస్టరే. కొండ మీద మంచులో గోడకు వీపు ఆనించి, ఎండకు ముఖం పెట్టి తినాలి. ఇంగున్ తొక్క తెగకుండా ఒకే చుట్టగా వలిచేది. వలిచి, పండు సగం చేసి, మొదటి సగం నాకిచ్చేది. నాలుగేళ్ళ వయసు నుంచీ అంతే. ఇంట్లో ఎంతమంది ఉన్నా మొదటి సగం నాదే.

పడవ దిగాక ఆరు నారింజలు కొన్నాను. జూన్‌లో నారింజలు ఎవరు తింటారు? కనిపించాయి కాబట్టి కొన్నాను.

మొన్న మరుపు అని రాశాను కదా. సరిగ్గా చెప్పాలంటే మరుపు కాదు. పేజీలో చోటు లేదు. నాలుగు పేర్లకే గీత నిండిపోయింది.

జూన్ 11

స్మోలాండ్. అడవి, రాళ్ళు, మళ్ళీ అడవి. నిన్న ఏమీ రాయలేదు, రాయడానికేం లేదు.

బస్సులో గున్వోర్ రాగ్నా కాగితం చేత్తో పట్టుకుని గట్టిగా చదివింది. వినపడని వాళ్ళకి మెల్లగా చదవడం చేతకాదు.

"పదిహేనో తారీకు. సేబీ రేవులో వేయించిన చేప, తర్వాత రెండున్నర గంటలు ఎవరిష్టం వారిది. సేబీ! ఓషిల్డ్, మీ ఇంగున్ ఉండేది ఆ ఊళ్ళోనే కదుటే?"

బస్సంతా వింది. "అవునేమో," అన్నాను.

"అవునేమో ఏంటి? సొంత చెల్లెలు."

"అవును."

"ఈ కాగితం చేతికొచ్చి మూడు నెలలైంది. నువ్వు ఇప్పుడే వింటున్నట్టు మొహం పెడతావేం?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నా కాగితం సంచీలో అడుక్కి తోశాను.

నా దగ్గరున్న కాగితంలో సేబీ కింద పెన్సిలుతో గీత ఉంది. గీసింది నేనే. ఆ గీత చూసుకున్నాకే డబ్బు కట్టాను.

ఇంకొకటి కూడా ఇక్కడ సరిచేయాలి. ఆ రోజు అమ్మ చెబుతుంటే నేను రాశాను. అమ్మ లిస్బెట్ పేరు చెప్పలేదు. పైగా ఎండాకాలం పిన్ని పిల్లలు కొండకి వచ్చి పాత పేజీలన్నీ తిరగేస్తారు, ఎవరీ లిస్బెట్ అని అడుగుతారు, ఊరంతా పాకుతుంది. అమ్మ వయసుకి అది మంచిది కాదు. అమ్మ కోసమే.

జూన్ 12

కోపెన్‌హేగన్. వంతెన మీద అందరూ ఫొటోలు తీశారు. ఇక్కడివాళ్ళు నోట్లో వేడి దుంప పెట్టుకుని మాట్లాడతారని మావాళ్ళ పాత వేళాకోళం. ఇవాళ కాఫీ కొట్టు పిల్ల మాట సగం అర్థం కాలేదు. లిస్బెట్ కూడా ఇలాగే మాట్లాడేది. ఆ ఐదు రోజులూ ఆమె ఏదన్నా అంటే నేను, ఆఁ? ఆఁ? అని మళ్ళీ మళ్ళీ అడిగాను. రెండోరోజుకే అర్థమవుతోంది నాకు. అయినా అడిగాను.

జూన్ 13

అమ్మ చెబితే రాయలేదు. అమ్మ అప్పుడు ముందుగదిలో కునుకు తీస్తోంది. చచ్చిపోయిన మనిషి మీదికి తోసేశాను, నిన్న కాక మొన్న, ఇదే కలంతో.

జరిగింది ఇది. గుడ్ ఫ్రైడే. ఎండ కాసింది. గోడ పక్కన అందరం కూర్చున్నాం. ఇంగున్ నారింజ తీసింది. నేను చేయి చాపాను. చూసుకోలేదు, అలవాటుగా చాపాను. ఇంగున్ ఒకే చుట్టగా వలిచి, సగం చేసి, మొదటి సగం లిస్బెట్‌కిచ్చింది. రెండో సగం తను తింది. నా చేయి అలాగే ఉండిపోయింది. మాగ్నర్ చూశాడు. తన సంచీలోంచి ఒక నారింజ తీసి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని తినలేదు.

ఆ రాత్రి కప్పులు కడిగి బోర్లించాను. ఐదు కప్పులు. ఒక్కొక్కటీ తుడిచాను. తర్వాత పుస్తకం తీసి నాలుగు పేర్లు రాశాను.

నలభై ఆరేళ్ళు నాకప్పుడు.

జూన్ 14

ఓర్హూస్. పేజీలో చోటు ఉంది. ఇందాక తెరిచి చూశాను. పేర్ల కింద సగం పేజీ ఖాళీ.

జూన్ 15

ఓడలో రాస్తున్నాను. 

చేప సగంలో వదిలి లేచాను. పుస్తకం, నారింజలు సంచీలో ఉన్నాయి. రాగ్నా అడగకముందే గున్వోర్, "దానికి చెప్పులు కొనుక్కోవాలిట," అని అబద్ధమాడేసింది. నా వైపు చూడను కూడా లేదు.

చెప్పాపెట్టకుండా ఒకరి గడప తొక్కడం మావాళ్ళెవరూ చేయరు. కన్నబిడ్డ ఇంటికైనా ఫోను చేసి వెళ్ళాలి. నేను ఫోను చేయలేదు, చేస్తే వద్దంటుందని. మాగ్నర్ పోయినప్పుడు పువ్వులతో వచ్చిన కార్డు కవరు మీది చిరునామా పట్టుకుని వెళ్ళాను. ఆ కార్డులో రెండు పేర్లున్నాయి, ఇంగున్, లిస్బెట్, ఒకే చేతిరాతతో.

పొట్టి పసుపు ఇల్లు. గోడ పొడుగునా హాలీహాక్ పూలమొక్కలు. తలుపు తీసింది లిస్బెట్. జుట్టు పూర్తిగా నెరిసింది. చేతులకి తోటపని తొడుగులు. నన్ను చూసి రెండు క్షణాలు నిలబడి, తొడుగులతోనే కావలించుకుంది. నా కోటంతా మట్టి.

"ఓషిల్డ్! రా, రా. ఇంగున్ రేవుకెళ్ళింది చేపలకి. ఇప్పుడే వచ్చేస్తుంది. నువ్వు కూర్చో ముందు."

రేవులోనే ఇంతసేపూ కూర్చున్నాను. ఏ పక్కన ఉందో.

వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ పోసింది. ఆమె మాట ప్రతిదీ అర్థమైంది. ఆఁ అని మళ్ళీ అడగలేదు.

"మీ కొండని నేనెప్పుడూ తలుచుకుంటా. మీ అమ్మ నాకు స్కీలకి మైనం రుద్దడం నేర్పింది, గుర్తుందా? పద, మళ్ళీ వెళ్దాం అంటే ఇంగున్ మోకాళ్ళ నొప్పులంటుంది. మోకాళ్ళట! రోజూ పన్నెండు కిలోమీటర్లు సైకిలు తొక్కుతుంది ఆ మోకాళ్ళతో."

కప్పు కింద పెట్టాను. ఈమెకి తెలియదు. ఇంగున్ చెప్పలేదు. ఇరవై మూడేళ్ళు దాచింది. సంచీలో పుస్తకం మోకాలికి ఒత్తుకుంటోంది. నేను దాన్ని తెచ్చింది బల్ల మీద తెరిచి, తప్పు చేశాను, ఇదిగో, అనడానికి. అంటే ఈ మనిషికి ఈ రోజే మొదటిసారి దెబ్బ తగులుతుంది. నా గుండె తేలికవుతుంది, ఆమెది బరువెక్కుతుంది.

వెళ్ళిపోదామని లేచాను. సంచీ పక్కకి ఒరిగి పుస్తకం మూల బయటపడింది.

"అయ్యో, అది మీ కొండ పుస్తకం కాదూ? పెన్సిలు కూడా అదే!" అంది లిస్బెట్.

అప్పుడే వెనక తలుపు చప్పుడైంది. ఇంగున్. చేతిలో చేపల సంచీ. అచ్చం అమ్మలా ఉంది. నాకంటే రెండేళ్ళు చిన్నది అమ్మలా ఎప్పుడైపోయిందో నేను చూడలేదు.

నన్ను చూసింది. సంచీలోంచి తొంగిచూస్తున్న పుస్తకం చూసింది. ముఖంలో రంగు పోయింది.

"బస్సులో వచ్చావా అక్కా?" అంది.

ఇరవై మూడేళ్ళ తర్వాత అదీ మాట. అమ్మ సమాధి దగ్గర కూడా మేం అవతలొకరం ఇవతలొకరం నిలబడ్డాం, తల మాత్రం ఊపుకున్నాం.

"బస్సులోనే," అన్నాను.

లిస్బెట్ నవ్వింది. "ఇంగున్, మీ అక్క పుస్తకం తెచ్చింది. ఆ ఈస్టర్ పేజీ చదివించుకుందాం."

"ఏం వద్దు. అక్కకి బస్సు వెళ్ళిపోతుంది."

"ఒక్క పేజీకి బస్సు ఎక్కడికి పోతుంది? చదువు ఓషిల్డ్. నాకు వినాలనుంది."

ఇంగున్ నా వైపు చూసిన చూపు ఈ జన్మకి మరిచిపోను. చిన్నప్పుడు మంచు పగిలి కాలు నీళ్ళలో పడినప్పుడు అలా చూసింది, లాగు అన్నట్టు.

పుస్తకం తెరిచాను. అందులో ఉన్నది ఇది: 'ఈస్టర్. అమ్మ, మాగ్నర్, ఇంగున్, నేను. తడి మంచు. గొర్రె మాంసం. అందరం క్షేమం.'

నేను చదివింది ఇది:

"ఈస్టర్. అమ్మ, మాగ్నర్, ఇంగున్, నేను. డెన్మార్క్ నుంచి లిస్బెట్. ఐదుగురం. తడి మంచు, స్కీలు అంటుకుపోయాయి. లిస్బెట్‌కి మైనం రుద్దడం అమ్మ నేర్పింది, అమ్మ కంటే బాగా రుద్దింది. నీళ్ళ గుంట గడ్డకడితే లిస్బెట్ గొడ్డలితో పగలగొట్టి రోజూ నాలుగు బిందెలు మోసింది. కట్టెలన్నీ ఆమే కొట్టి పొయ్యి పక్కన పేర్చింది. గొర్రె మాంసంలో ఉప్పు ఎక్కువైంది, నేనే వేశాను, లిస్బెట్ రెండోసారి పెట్టించుకుంది. శుక్రవారం ఎండ. గోడ పక్కన నారింజలు తిన్నాం. ఇంగున్ చాలా నవ్వింది. ఆమె అంత నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. చూసి ఓర్చుకోలేకపోయాను. అందరం క్షేమం."

పేజీ మీద లేని ముక్కలు అన్ని ఎలా గుర్తున్నాయో నాకే తెలియదు. చదువుతూ వేలు ఖాళీ కాగితం మీద నడిపించాను. ఇంగున్ చేతిలో సంచీ నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి. కింద పెట్టాలని ఆమెకి తోచలేదు.

 లిస్బెట్ లేచి మాకు వీపు పెట్టి కాఫీ గిన్నె కడిగింది. "ఇంత బాగా రాశావని తెలీదు ఓషిల్డ్," అంది. చూపించమని అడుగుతుందేమోనని నా ప్రాణం పోయింది. అడగలేదు. అదృష్టం.

ఇంగున్ నాతో రేవు దాకా నడిచింది. వీధి మలుపు తిరిగాం.

"తనకి తెలీదు," అంది.

"ఇప్పుడే అర్థమైంది."

"మోకాళ్ళ నొప్పులని ఇన్నేళ్ళు అబద్ధం. కొండ పేరెత్తితే చాలు, కుంటేదాన్ని. నువ్వు పుస్తకం పట్టుకుని మా వంటింటికే వచ్చేశావు."

"సరిచేద్దామని."

"ఎవరి కోసం?"

సంచీ ఇంకో భుజానికి మార్చుకున్నాను.

"ఎందుకు రాయలేదక్కా? ఊళ్ళోవాళ్ళ కోసమా? మాగ్నర్ వద్దన్నాడా? అన్నేళ్ళు అదే ఆలోచించాను. మాగ్నర్‌ని కూడా తిట్టుకున్నాను."

"మాగ్నర్ ఏమీ అనలేదు. నారింజ."

"ఏ నారింజ?"

చెప్పాను. చాపిన చేయి, మొదటి సగం, ఐదు కప్పులు, అంతా. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేనని గబగబా చెప్పేశాను.

ఇంగున్ నడిరోడ్డు మీద ఆగిపోయింది. "నారింజకా? సగం నారింజకా?" అంటూ నవ్వడం మొదలుపెట్టింది. ఎవరిదో గోడ పట్టుకుని నవ్వింది. తర్వాత అది నవ్వు కాదు. నేను దగ్గరికి వెళ్ళబోతే చేయి అడ్డం పెట్టింది.

"నువ్వు అమ్మ చచ్చిపోయినప్పుడైనా చెప్పుండాల్సింది. ఒక్క ఉత్తరం ముక్క. నేను రోజూ పోస్టు చూశాను, తెలుసా? మొదటి ఐదేళ్ళు రోజూ."

"నేనూ చూశాను."

"నువ్వెందుకు చూశావే? రాయాల్సింది నువ్వు!"

నిజమే. నేనెందుకు చూశాను?

నా సంచీలోంచి నారింజలు తనే తీసింది. ఒకటి వలిచింది. తొక్క రెండుచోట్ల తెగింది. సగం చేసి నాకిచ్చింది. "తిను. చాలా? ఇంకా కావాలా?" అంది కోపంగా. తిన్నాను. పుల్లగా ఉంది.

"పుస్తకం నా దగ్గర ఉంచు," అంది.

"అది కొండ ఇంటిది..."

"ఎవరిదో నాకు తెలుసు."

ఇచ్చాను.

రేవు దగ్గర బస్సు ఇంకా ఉంది. రాగ్నా ముఖం చూడలేకపోయాను. ఓడ తప్పిపోకుండా బయల్దేరాల్సిన టైము దాటి నలభై నిమిషాలైంది. ఆ నలభై నిమిషాలూ గున్వోర్ హోటల్ మరుగుదొడ్డిలో గడియ పెట్టుకుని కూర్చుందట. తలుపు బాదితే, "వినపడట్లేదు," అందట.

బస్సులో నంబర్లు అరుస్తున్నారు. పదిహేడు వంతు వచ్చేసరికి నేను రుమాలు వెతుక్కుంటున్నాను. గున్వోరే అరిచింది, "పదిహేడు ఉంది! ఏడుస్తోంది, కానీ ఉంది!"

కిటికీలోంచి చూశాను. ఇంగున్ పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడింది. చేయి ఊపలేదు. కానీ బస్సు మలుపు తిరిగేదాకా కదల్లేదు.

జూన్ 16

ఇల్లు. వాన. దారిపొడుగునా పెట్టె ఒరిగిపోతూనే ఉంది.

జూన్ 30

పోస్టు లేదు.

జూలై 9

పోస్టు లేదు. విద్యుత్తు వాళ్ళ కాగితం వచ్చింది, అది పోస్టు కాదు.

జూలై 21

ఫోను ఎత్తి సగం నంబరు నొక్కి పెట్టేశాను. ఏమని అడుగుతాను? పుస్తకం ఇచ్చెయ్ అనా? నాకు పుస్తకం అక్కర్లేదు.

లిస్బెట్‌కి చూపించేసి ఉంటుంది. లేదా పొయ్యిలో పెట్టి ఉంటుంది. రెండిట్లో ఏదైనా నేను నోరెత్తను.

ఆగస్టు 20

కొండ ఇల్లు. ఎండ, చల్లగాలి.

లోపలికి రాగానే అలవాటుగా పొయ్యి పక్కకి చేయి పోయింది. మేకు ఖాళీ. దాని చుట్టూ గోడ మీద పుస్తకం ఆకారంలో తెల్లటి మచ్చ. అరవై ఏళ్ళ పొగ ఆ చోట మాత్రం పట్టలేదు.

రెండు రోజులు ఉన్నాను. చిత్తడి నేలల్లో పసుపు బెర్రీలు ఏరాను. అటక మీద ఇంగున్, నేను పడుకునే మంచం తుడిచాను. చెక్క మీద మేం చాకుతో గీసిన గీతలున్నాయి, ఎవరు ఎంత పొడుగని. నా గీత పైన తన గీత వచ్చిన ఏడాది నేను ఏడ్చానట, అమ్మ చెప్పేది. అప్పటి నుంచే ఇంతన్నమాట నేను.

తాళం వేసే ముందు రాయడానికి ఏమీ లేదు. పుస్తకంలో లేనిది కొండ మీద జరగనట్టే కదా. అయితే ఈ రెండు రోజులూ నేను ఇక్కడికి రానట్టే. గుమ్మంలో నిలబడితే చాలా చెడ్డగా అనిపించింది. ఒక్కదాన్నీ, ఎవరూ చూడలేదు, అయినా చెడ్డగా అనిపించింది.

లిస్బెట్ ఐదు రోజులుంది.

సెప్టెంబర్ 3

పోస్టు లేదు.

సెప్టెంబర్ 12

వాన ఆగింది. పొట్లం వచ్చింది. డెన్మార్క్ తపాలా బిళ్ళలు.

పుస్తకం. పెన్సిలు చెక్కి ఉంది. మధ్యలో దారం పెట్టారు. వంటింట్లో నిలబడే తెరిచాను, కోటు కూడా విప్పలేదు.

నా నాలుగు పేర్ల కింద లిస్బెట్ చేతిరాత. గుండ్రంగా, నిదానంగా ఉంది. సేబీ వంటింట్లో నేను చదివింది మాట మాటకీ రాసింది. నీళ్ళ గుంట, నాలుగు బిందెలు, ఉప్పు ఎక్కువైన మాంసం, అన్నీ ఉన్నాయి. 'చూసి ఓర్చుకోలేకపోయాను' కూడా ఉంది. దాని కింద ఇలా రాసింది:

'ఐదో మనిషిని నేను, లిస్బెట్. ఆ శనివారం పొద్దున పొయ్యి పక్కన కట్టెలు పేరుస్తుంటే పుస్తకం తెరిచే ఉంది. చదివాను. ఇంగున్‌కి తెలిస్తే తన అక్క మీద మనసు విరుగుతుందని చెప్పలేదు. తను చదివిందని నాకు తెలియదు. మోకాళ్ళంటే మోకాళ్ళే అనుకోవాలని చూశాను. నేను చదివానని తనకి తెలియదు. నువ్వు వెళ్ళాక ఆ సాయంత్రం తను నీ నారింజ కథ చెప్పింది, నేను నా కట్టెల కథ చెప్పాను. ఆ రోజు చదవమని నిన్ను అడిగింది ఊరికే కాదు. ఏం చదువుతావో చూద్దామని. బాగా చదివావు.'

ఆఖరి గీత దాకా రాసింది. ఆ తర్వాత అంచున, పేజీని అడ్డంగా తిప్పి, ఇరుకిరుకుగా ఇంగున్ రాసింది:

'ఈస్టర్‌కి ఇద్దరం వస్తున్నాం. నారింజలు నువ్వు తే. వలిచేది నేను. మొదటి సగం ఎవరికో కొట్టుకు చావండి.'

మూడుసార్లు చదివాను. కింద నేనూ ఏదో ఒకటి రాయాలని పెన్సిలు తీసుకున్నాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను.

పేజీలో ఇప్పుడు నిజంగానే చోటు లేదు.